వంశకర్తకు ముత్తాతలు దొరికిన విధం

తొమ్మిదో తరగతిలో మా సోషల్ మాస్టారు పెట్టిన పని గురించి ఎవరో ఒకరు రాయాలని మా బ్యాచ్ గ్రూపులో గొడవ పడి, చివరికి నా మీదకు తోశారు.

పని ఇదీ. లేని రాజునొకణ్ణి పుట్టించాలి. అతను ఒక రాజవంశానికి మూలపురుషుడు కావాలి. అతని జీవితం రాయాలి, కథలా కాదు, శాసనాల్లో దొరికినట్టు ముక్కలు ముక్కలుగా. "శాసనంలో దొరకనిది రాయకండి. దొరికిందల్లా నమ్మకండి" అన్నారు మాస్టారు. ఈ రెండు షరతుల మధ్య ఎలా నిలబడాలో మాకు చాలా రోజులు అర్థం కాలేదు.

కాలం ఆయనే ఎంచి ఇచ్చారు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. బందీగా ఢిల్లీకి వెళ్తూ కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున చనిపోయాడని విలస తామ్రశాసనం చెబుతుంది. పైన రాజు లేడు, కింద నాయకులు ఎక్కడివాళ్లక్కడ మిగిలారు. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి, రేకపల్లిలో ముసునూరి ప్రోలయ నాయకుడు, 1336 నాటికి తుంగభద్ర ఒడ్డున విజయనగరం స్థాపించిన సంగముడి కొడుకులు. "వంశాలు మొలిచేది ఇలాంటప్పుడే. మీవాణ్ణి కూడా అక్కడే ఎక్కడో పడేయండి" అన్నారు.

మావాడికి బొల్లమ నాయకుడని పేరు పెట్టాం. మొదట రాసిందాంట్లో పేజీకో యుద్ధం, యుద్ధానికి వెయ్యి ఏనుగులు. మాస్టారు ఓపిగ్గా చదివి, "వీటికి మేత ఎవరు పెడుతున్నారు నాయనా?" అని మాత్రం అడిగారు. ఏనుగులు పోయాయి. వాటి స్థానంలో గట్టు తెగిన చెరువొకటి వచ్చింది. బొల్లమ నాయకుడు గట్టు వేయించాడు, తూము కట్టించాడు, చెరువు బాగోగులు చూసేవాళ్లకి పదో వంతు దక్కేలా దశబంధం ఏర్పాటు చేశాడు. పంట చేతికొచ్చింది, బంట్లకు జీతం ముట్టింది, పక్క సీమ రైతులు ఇటు వలస వచ్చారు. అది చూసి పక్క నాయకుడు పిల్లనిచ్చాడు. యుద్ధం లేకుండానే మావాడి సీమ రెండింతలైంది. ఇప్పుడు ఆలోచించినా, మొత్తం ప్రాజెక్టులో అన్నిటికంటే నమ్మదగ్గ భాగం ఇదే అనిపిస్తుంది.

మాకు ఇష్టమైన భాగం మాత్రం తామ్రశాసనం. అది బొల్లమ నాయకుడిది కాదు, అతని మునిమనవడిది. మూడు అట్టముక్కలకు రాగి రంగు కాగితం అంటించి, ఎడమ పక్కన చిల్లు పెట్టి, తీగతో ఉంగరం చుట్టాం. ముద్ర మీదకి వేంగి చాళుక్యుల వరాహాన్ని అరువు తెచ్చుకున్నాం. తేదీ కూడా అంకెల్లో కాకుండా మాటల్లో వేశాం: అద్రి, వేద, గుణ, చంద్ర. కొండలు ఏడు, వేదాలు నాలుగు, గుణాలు మూడు, చంద్రుడు ఒకడు, అంటే 7, 4, 3, 1. ఇలాంటివి కుడి నుంచి చదవాలి కాబట్టి శక 1347, విశ్వావసు సంవత్సరం. 78 కలిపితే క్రీ.శ. 1425. ఎడమ నుంచి చదివిన బెంచీ వాళ్లకు 7431 వచ్చింది. మన వంశం ఇంకా పుట్టలేదు సార్ అని కంగారుపడ్డారు.

ఆ శాసనం విష్ణువు నాభికమలంతో మొదలై బ్రహ్మ, చంద్రుడు, యయాతి, యదువుల మీదుగా నడిచి బొల్లమ నాయకుడి దగ్గరికి వచ్చింది. నాకు ఒళ్లు మండింది. చెరువు గట్టు వేయించుకున్న మనిషికి చంద్రుడు తాత ఎలా అయ్యాడు? మాస్టారు నవ్వి కాకతీయుల సంగతి చెప్పారు. కొన్ని శాసనాల్లో వాళ్లది చతుర్థ కులం, అంటే నాలుగో వర్ణం, మరికొన్నిటిలో సూర్యవంశం. సంగముడి వంశం వాళ్లూ యదువు దాకా వెళ్లారు. "బొల్లమకి తాతలతో పనిలేదురా. మునిమనవడికి కావాలి, సంబంధాలు చూసుకోవాలిగా" అన్నారు.

అప్పుడు తట్టింది నాకు. బొల్లమ నాయకుడు బతికున్నన్నాళ్లూ వంశకర్త కాదు. ఆ సంగతి అతనికే తెలీదు. మునిమనవడు గద్దె మీద ఉన్నాడు కాబట్టి అయ్యాడు. వాడు ఓడిపోయుంటే బొల్లమ చెరువు బాగుచేయించిన ఫలానా నాయకుడిగా మిగిలేవాడు, అదీ గట్టు మీద రాయి నిలిచి ఉంటే.

వేటకుక్కల మీద కుందేలు తిరగబడిన చోట రాజు ఊరు కట్టించాడనే కథ కూడా పెడదామని మొదటి బెంచీ అమ్మాయి పట్టుబట్టింది. "విజయనగరంలోనూ అదే కుందేలు, అహ్మదాబాదులోనూ అదే కుందేలు. మన దగ్గరికీ రానివ్వండి" అని మాస్టారు ఒప్పుకున్నారు. శాపశ్లోకం దగ్గరైతే మగపిల్లల ఆనందం చెప్పలేం. దానమిచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడని ఆ శ్లోకం. లంచ్ బాక్సుల మూతల మీద కూడా రాసుకున్నారు.

చిక్కంతా చావు దగ్గర వచ్చింది. ప్రశస్తిలో, అంటే శాసనంలో రాజును పొగిడే భాగంలో, రాజులు గెలుస్తారు, దానాలిస్తారు, చనిపోరు. రుద్రమదేవి ఎప్పుడు పోయిందో మనకు చెప్పింది చందుపట్లలో ఒక రాయి. 1289 నవంబరులో పువ్వుల ముమ్మడి అనే బంటు, ఆమెకూ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని భూమి దానమిస్తూ వేయించిన శాసనం అది. మరి మా బొల్లమకి రాయి ఎవరు వేస్తారు? సేనాపతి అన్నారు, పూజారి అన్నారు. ఎప్పుడూ నోరు తెరవని వెనక బెంచీ వాడు నీరుగంటి అన్నాడు. తూము తెరిచే నీరుగంటి, తన మాన్యంలో కొంత గుడి దీపానికి ఇచ్చి, "మా నాయనింగారికి పుణ్యంగాను" అని వేయించిన నాలుగు వరుసలు వాడే రాసుకొచ్చాడు. అందులో చంద్రుడూ లేడు, యదువూ లేడు.

ఆ నాలుగు వరుసలకే క్లాసులో ఫస్ట్ మార్కు. మూడు రేకుల ప్రశస్తి రాసినవాడికి రెండు మార్కులు తక్కువ. రీయూనియన్‌కి వచ్చిన ప్రతిసారీ ఆ రెండు మార్కులూ ఏమయ్యాయో తేల్చమని ఇప్పటికీ అడుగుతుంటాడు.