ఫోటో అమ్మాను సరే, అసలు ఏం అమ్మినట్టు?

చెప్పులో తల దూర్చి నిద్రపోతున్న పిల్లికూన ఫోటో ఒకటి తీశాను. సరదాకి ఎన్‌ఎఫ్‌టీగా, అంటే ఆన్‌లైన్‌లో కొని అమ్ముకునే డిజిటల్ టోకెన్‌గా పెడితే నిజంగానే ఎవరో కొన్నారు. ఆ రోజంతా నా కాలు భూమ్మీద నిలవలేదనుకోండి. వారం తిరక్కుండానే కొన్నాయన నుంచి మెసేజ్, "దీన్ని నా పుస్తకం అట్ట మీద వేసుకోవచ్చా?" అని. ఏం చెప్పాలో తోచలేదు. లైసెన్స్ గురించి నేనొక్క ముక్కా రాయలేదు మరి!

తర్వాత కూర్చుని చదివితే తెలిసిందేంటంటే, ఆ టోకెన్‌లో మామూలుగా ఫోటోనే ఉండదు. అంత పెద్ద ఫైలు బ్లాక్‌చెయిన్‌లో (ఎన్నో కంప్యూటర్లు కలిసి ఉంచుకునే ఖాతా పుస్తకం లాంటిది) పెట్టాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది కాబట్టి టోకెన్ నంబరు, అది ఎవరి వాలెట్‌లో (టోకెన్లు ఉంచుకునే డిజిటల్ ఖాతాలో) ఉందో, ఫోటో ఎక్కడుందో చెప్పే లింకు, ఇంతే ఉంటాయి. ఆ లింకు వెనకున్న సర్వర్ మూతపడితే కొన్నాయన చేతిలో మిగిలేది చిరునామా మాత్రమే. ఇక టోకెన్ చేతులు మారినంత మాత్రాన కాపీరైట్ మారదు, అది నాదే. ఆయన ఏం చేసుకోవచ్చో, ఏం చేసుకోకూడదో విడిగా రాసివ్వాలి. 2022లో ఆండ్రీసన్ హోరోవిట్జ్ అనే అమెరికా పెట్టుబడుల సంస్థ వాళ్లు ఎన్‌ఎఫ్‌టీల కోసం ఆరు రకాల లైసెన్సులు రాసి, ఎవరైనా వాడుకోండని ఉచితంగా ఇచ్చారు. నాకు అప్పుడు తెలియదు, అంతే.

"బ్లాక్‌చెయిన్‌లో ఎక్కిస్తే ఎవరూ దొంగిలించలేరు" అనే మాట కూడా నమ్మకండి. నా ఫోటోకి షా-256 హ్యాష్ తీశాను, ఫైలులోని డేటాని బట్టి లెక్కగట్టే 64 అక్షరాల వేలిముద్ర లాంటిది. అంచున ఒక్క పిక్సెల్ వరస కత్తిరించి మళ్లీ తీస్తే పోలికే లేని ఇంకో వేలిముద్ర వచ్చింది. అంటే ఎవడైనా స్క్రీన్‌షాట్ తీసి తన పేరుతో ఎక్కించుకున్నా చెయిన్ కిమ్మనదు, ఏ వాలెట్ ఎప్పుడు రాసిందో చెబుతుంది గానీ షట్టర్ నొక్కింది ఎవరో దానికేం తెలుసు? అందుకే తీసింది నేనేనని చూపించడానికి ఒరిజినల్ రా ఫైలు (కెమెరా నేరుగా రాసుకున్నది) భద్రంగా దాచుకున్నాను.

రాయల్టీ మీద కూడా నేను చాలా ఆశలు పెట్టుకున్నాను. మళ్లీ అమ్మిన ప్రతిసారీ మన వాటా దానంతటదే వచ్చేస్తుందన్నారు కదా. కానీ ఈఆర్‌సీ-2981 అనే ప్రమాణం వాటా ఎంతో, ఎవరికో చెప్పి ఊరుకుంటుంది, ఇప్పించదు. ఇవ్వాలా వద్దా అన్నది అమ్మే సైటు ఇష్టం. 2023లో ఎన్‌ఎఫ్‌టీలు అమ్మే పెద్ద సైటు ఓపెన్‌సీ కూడా దాన్ని అమ్మేవాళ్ల ఇష్టానికే వదిలేసింది.

ఇంకా నయం, నాది పిల్లి ఫోటో. మనిషి ముఖం ఉంటే వాళ్ల అనుమతి కావాలి, పైగా రేపు తీసేయమంటే చెయిన్ మీదున్న రికార్డు చెరపడం మన చేతిలో లేదు.

చివరికి ఆయనకి నాలుగు లైన్లు రాసిచ్చాను: ఒక్క పుస్తకం, ఒక్క ముద్రణ, అట్ట మీద మాత్రమే, లోపల నా పేరు వేయాలి. దానికి డబ్బు విడిగా పంపాడు. ఇదంతా మామూలు ఈమెయిల్లోనే.