సైరన్ మోగాక ముందు తేలాల్సింది హెడ్‌కౌంట్

రువైస్, జుబైల్, రాస్ లఫాన్, మీనా అల్ అహ్మదీ, సొహార్. గల్ఫ్‌లో రిఫైనరీ గానీ గ్యాస్ ప్లాంటు గానీ ఉన్న చోట మరమ్మతుల కోసం యూనిట్ ఆపే షట్‌డౌన్ మొదలైతే కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి వెళ్లిన మనవాళ్లు గుంపులుగా కనిపిస్తారు. వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు, స్కాఫోల్డర్లు, హెల్పర్లు. మామూలు రోజుల్లో షిఫ్టుకు కొద్దిమంది ఆపరేటర్లు మాత్రమే తిరిగే యూనిట్లో అప్పుడు వందల మంది ఉంటారు. అంతమంది మధ్య గ్యాస్ లీకైతే ఎవరి మాట చెల్లుతుందో పనిలోకి దిగేముందు ఇచ్చే సేఫ్టీ పాఠం, అంటే ఇండక్షన్‌లో స్లైడ్లు వేసి గబగబా చెప్పేస్తారు. ఇంగ్లీషు, హిందీ సరిగా రానివాళ్లకు అందులో సగం కూడా అందదు.

సైరన్ మోగిన దగ్గర్నుంచి ఆ చోటుకు ఒక్కరే పెద్ద. ఆన్-సీన్ కమాండర్ అంటారు. చాలా ప్లాంట్లలో మొదటి నిమిషాల్లో ఆ బాధ్యత షిఫ్ట్ సూపర్‌వైజర్‌దే. గాలి వచ్చే వైపున, లీకుకు దూరంగా, అందరికీ కనిపించే జాకెట్‌తో నిలబడతాడు. తాను పైపు పట్టడు, వాల్వు తిప్పడు. ఆయన చెప్పిన మీదట ఆపరేటర్లు లీకయ్యే లైనును రెండు వైపులా మూస్తారు. ఫైర్ టీమ్ నీళ్ల తెర కట్టి గ్యాస్ పాకకుండా చూస్తుంది, పక్కనున్న వెసెళ్లను, అంటే పెద్ద ట్యాంకుల్లాంటి పాత్రలను చల్లబరుస్తుంది. రెస్క్యూ, అంబులెన్స్ ఒకరి కింద, అందరూ వచ్చి చేరాల్సిన అసెంబ్లీ పాయింట్లలో మనుషుల లెక్క మరొకరి కింద. ఒక మనిషికి నేరుగా జవాబు చెప్పేవాళ్లు ముగ్గురి నుంచి ఏడుగురి లోపే ఉండాలి, ఐదుగురైతే మేలు. 1970లో కాలిఫోర్నియా అడవుల మంటలప్పుడు వేర్వేరు సంస్థలు ఎవరి రేడియో వాళ్లు, ఎవరి పెద్ద వాళ్లుగా పనిచేసి చిక్కుల్లో పడ్డాక పుట్టిన పద్ధతి ఇది.

ప్లాంటు మేనేజర్లు ఘటన దగ్గర ఉండకూడదు. వాళ్లు వేరే భవనంలో ఎమర్జెన్సీ కంట్రోల్ సెంటర్లో కూర్చుని సివిల్ డిఫెన్స్‌కు, ఆస్పత్రికి, పక్క ప్లాంట్లకు కబురు చేస్తారు, మంటలార్పే ఫోమ్, మనుషులు తెప్పిస్తారు. అందులో ఒకరు ఉండబట్టలేక రేడియోలో నేరుగా ఫైర్‌మన్‌కు ఆర్డరిస్తే కమాండ్ అక్కడికక్కడే రెండు ముక్కలవుతుంది. అసలు ఎవరూ ఆర్డరివ్వకపోతే ఇంకా ఘోరం. 1988 జులై 6న నార్త్ సీలో పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫాం కాలిపోయినప్పుడు ప్లాట్‌ఫాం ఖాళీ చేయమన్న స్పష్టమైన ఆదేశం రాలేదు, దానికి పైపులతో కలిసిన పక్క ప్లాట్‌ఫాంలు వెంటనే పంపింగ్ ఆపలేదు. 167 మంది పోయారు.

గ్యాస్ మంట విషయంలో కొత్తవాళ్లకు అర్థంకానిది ఒకటుంది. ఫైర్ టీమ్ మంట ముందే నిలబడి దాన్ని ఆర్పకుండా చుట్టూ నీళ్లు కొడుతుంటే చేతకాక అనుకుంటారు. వాల్వు మూసేదాకా ఆ మంట మండుతుండటమే మంచిది. మంట ఆర్పి లీకు ఆపకపోతే గ్యాస్ కనిపించకుండా పాకి, ఎక్కడో నిప్పు తగిలి ఒక్కసారిగా అంటుకుంటుంది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో పైపులైను గ్యాస్ అలా పరుచుకుని అంటుకుంటే ఏమైందో మనకు తెలుసు. ప్లాంటులో డ్రైవర్లు బండి ఆపేసి, తాళంచెవి దానికే వదిలి నడిచి వెళ్లాలన్న రూలు ఇందుకే. ఇంజిన్ స్టార్టు చేయడమే నిప్పు పెట్టడం కావచ్చు. తాళం బండిలోనే ఉంటే ఫైర్ ట్రక్కుకు అడ్డమైనప్పుడు ఎవరైనా తీయగలరు.

ఇక హెడ్‌కౌంట్, అంటే తలల లెక్క. అసెంబ్లీ పాయింటులో ఎండకు నిలబడి పేర్లు పిలిపించుకోవడం కాలక్షేపంలా అనిపిస్తుంది. కానీ అక్కడ ఒక్క పేరు తగ్గినా కమాండర్ ఇద్దర్ని గ్యాస్‌లోకి పంపాలి, మరో ఇద్దర్ని గాలి సిలిండర్ల సెట్లు తగిలించి బయట సిద్ధంగా ఉంచాలి. వాళ్ల వీపు మీద 6.8 లీటర్ల సిలిండర్, 300 బార్ ఒత్తిడి, అంటే సుమారు 2,000 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల చొప్పున లెక్కేస్తే కాగితం మీద 50 నిమిషాలు. అయితే 55 బార్ దగ్గర విజిల్ మోగుతుంది, ఆలోగా తిరుగుముఖం పట్టాలి. మెట్లెక్కి, మనిషిని మోసుకొస్తే గాలి ఖర్చు రెట్టింపు దాకా పోతుంది. 45 డిగ్రీల ఎండలో ఆ సూట్లో ఇంకా కష్టం. లోపలికి వెళ్లే ప్రతి మనిషి పేరు, సిలిండర్ ఒత్తిడి, వెళ్లిన టైము బయట బోర్డు మీద రాసేది అందుకే. క్యాంటీన్లోనో టాయిలెట్లోనో క్షేమంగా ఉన్న మనిషి కోసం ఆ ఇద్దరి ఊపిరి ఖర్చు కాకూడదు.

లెక్క తప్పే చోట్లు ప్రతి సైటులో దాదాపు ఒకటే. ఎవరు ఎక్కడున్నారో చూపే టీ-కార్డు పొద్దున ఒక యూనిట్ బోర్డులో పెట్టి, మధ్యాహ్నం వేరే ఫోర్‌మన్ అడిగాడని ఇద్దర్ని పక్క యూనిట్‌కు పంపుతారు, కార్డు మాత్రం మారదు. సైరన్ వినగానే కొందరు అసెంబ్లీ పాయింట్ వదిలి తమ బస్సు దగ్గరికి పోతారు. ఊరివాళ్లు కనబడ్డారని ఇంకో కంపెనీ వరుసలో నిలబడతారు, అక్కడ ఒకరు ఎక్కువ, ఇక్కడ ఒకరు తక్కువ. పేర్లు మరో తలనొప్పి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, అసలు పేరు ఒక చోట ఉండి, లిస్టులో ఇంటిపేరుతో పిలిస్తే పక్కనున్న స్నేహితుడికి కూడా అది ఎవరో తెలియదు. శ్రీనివాస్‌లు నలుగురుంటే ఒకరు పలికినా నాలుగు టిక్కులు పడతాయి. అందుకే బ్యాడ్జ్ నంబరుతో పిలవాలి, ఆ నంబరు కంఠతా ఉండాలి. ఫోర్‌మన్ జేబులో ఆ రోజు లిస్టు ఉండాలి, ఎవరినైనా ఇంకో చోటికి పంపితే అప్పుడే కొట్టి రాయాలి.

హెచ్‌టూఎస్, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉన్న యూనిట్లో గ్యాస్ మీటరు ఛాతీ మీద, ముక్కుకు దగ్గరగా ఉండాలి. బెల్టుకు తగిలిస్తే, జేబులో వేస్తే మీరు పీల్చే గాలిని అది కొలవదు. సాధారణంగా 10 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో పది భాగాలు) దగ్గర మోగేలా పెడతారు. మోగిందంటే ఎంతుందో చూస్తూ నిలబడకండి. కుళ్లిన గుడ్ల వాసన పోయింది కాబట్టి గ్యాస్ పోయిందనుకోవద్దు, 100 పీపీఎం ప్రాంతంలో ముక్కే మొద్దుబారుతుంది. ఇది గాలికంటే బరువు, గుంతల్లో, డ్రెయిన్లలో పేరుకుంటుంది. గాలి దిశ చూపే విండ్‌సాక్ చూసి ముందు గాలికి అడ్డంగా పక్కకు, తర్వాత గాలికి ఎదురుగా నడవాలి. మీ అసెంబ్లీ పాయింట్ గ్యాస్ పోయే వైపే ఉంటే రెండోదానికి వెళ్లాలి. వెసెల్ లోపల తోటివాడు పడిపోతే ద్వారం దగ్గర కాపలా ఉండే హోల్ వాచ్ చేయాల్సింది రేడియోలో చెప్పడం, బయట నుంచి తాడు లాగడం. లోపలికి దిగడం కాదు. తమ్ముడిలాంటివాడని దిగినవాళ్లు అదే గ్యాస్‌కు వాడి పక్కనే పడిపోతారు.

ప్రమాదం తీరిందన్న ఆల్ క్లియర్ వచ్చాక పాత పర్మిట్, అంటే పని చేయడానికి ఇచ్చిన అనుమతి పత్రం చెల్లదు. గ్యాస్ టెస్ట్ మళ్లీ చేసి, పర్మిట్ మీద మళ్లీ సంతకం పడేదాకా గ్రైండర్ ముట్టకూడదు. ఆ తర్వాత జరిగే మీటింగుకు చాలాచోట్ల కాంట్రాక్టు ఫోర్‌మన్‌లను పిలవరు. ఇది పెద్ద లోపం. లెక్క తేలడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, తప్పిపోయారనుకున్నవాళ్లు చివరికి ఎక్కడ దొరికారు, ఏ స్కాఫోల్డ్ మీద సైరన్ వినిపించలేదు, నీడా నీళ్లూ లేక ఎవరు సొమ్మసిల్లారు అన్నది తెలిసింది వాళ్లకే. పిలవకపోతే ఈ నాలుగూ కాగితం మీద రాసి, సేఫ్టీ ఆఫీసర్ చేత అందినట్టు సంతకం చేయించుకోండి.