కాగితపు కప్పు మాన్పించడానికి పట్టిన ఐదు నెలలు

గచ్చిబౌలిలోని మా ఆఫీసులో, కనీసం మా అంతస్తులో, ఈ సోమవారం నుంచి కాగితపు కప్పులు ఆగిపోయాయి. 180 మందిమి రోజుకు మూడేసి చొప్పున నెలకు దాదాపు 12,000 కప్పులు చెత్తబుట్టలో వేస్తున్నామని లెక్క తీసి చూపగానే, పై అధికారి రెండు రోజుల్లో అనుమతి ఇచ్చారు. స్టీలు గ్లాసులూ వారంలో వచ్చాయి.

కష్టమంతా తోటి ఉద్యోగుల దగ్గరే ఎదురైంది. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులను నిషేధించాక, కాగితపు కప్పుతో ఏ హానీ లేదన్న నమ్మకం అందరిలోనూ స్థిరపడింది. ఒక కప్పును నీళ్లలో నానబెట్టి, లోపలి సన్నని ప్లాస్టిక్ పొరను ఒలిచి బల్లమీద పరిచాను. అందులో పోసిన 100 మిల్లీలీటర్ల వేడి ద్రవంలోకి 15 నిమిషాల్లో దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు చెప్పిన సంగతీ వివరించాను. ఎవరూ కాదనలేదు, కానీ ఎవరూ గ్లాసు ముట్టలేదు.

కారణం నెలవారీ సమావేశంలో బయటపడింది. ఒక సీనియర్ లేచి, "ఎవరెవరో తాగిన ఎంగిలి గ్లాసుల్లో మేం తాగాలా? మీ ఇంట్లో గ్లాసులు ఎక్కువైతే ఇక్కడికి తెచ్చారా?" అన్నారు. గదిలోని నలభై మందీ నవ్వారు. రోజూ నాతో కలిసి టీ తాగే మిత్రుడు కూడా నవ్వాడు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు. వీళ్లే సాయంత్రం ఇరానీ హోటల్లో, ఎందరో తాగిన పింగాణీ కప్పుల్లో, ఏ పట్టింపూ లేకుండా చాయ్ తాగుతారు. ఆఫీసు గ్లాసుకే ఎంగిలి ఎందుకు అంటుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఏటా జూన్ 5న, పర్యావరణ దినోత్సవం నాడు, మొక్కలతో ఫోటోలు దిగే మా అడ్మిన్ విభాగం, గ్లాసులు కడగడానికి ఒక మనిషిని అదనంగా పెట్టమంటే మూడు నెలలు జవాబే ఇవ్వలేదు. వారిని నమ్ముకుని ఎవరూ ఇలాంటి పని మొదలుపెట్టవద్దు.

దారి చూపింది ప్యాంట్రీలో పనిచేసే అక్క. "ఎవల గ్లాసు వాళ్లు తెచ్చుకుంటే ఎంగిలి ముచ్చటే ఉండదు కద సార్, నేను వేడి నీళ్లు పెడతా, కడుక్కుంటరు" అంది. ఐదు నెలల్లో ఏ సమావేశానికీ ఆమెను పిలవలేదు, నేనూ అడగలేదు. ముందుగా అడగవలసింది ఆమెనే.

ఆ సీనియర్ ఇంకా కింది క్యాంటీన్ నుంచి కాగితపు కప్పే తెచ్చుకుంటున్నారు. నిన్న సాయంత్రం సింకు పక్కన పేర్లు రాసి బోర్లించిన గ్లాసులు 143 లెక్కపెట్టాను.