బీఎస్సీ నర్సింగ్‌లో పరీక్షల కంటే కేసులు పూర్తి చేయడమే కష్టం: నా అనుభవం

ఆంధ్ర సరిహద్దులోని ఒడిశా ఊరు మా పర్లాకిమిడి. ఇటువైపు ప్లస్ టూ సైన్స్ అయిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే చాలు, ఎవరో ఒకరు నాకు ఫోన్ చేసి నర్సింగ్‌లో చేర్పించొచ్చా అని అడుగుతారు. అందరూ అడిగేది సీటు గురించే. దానికి జవాబు చిన్నది: ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్‌లతో 45 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు 40), చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి, మెడికల్ ఫిట్‌నెస్ ఉండాలి. చేరాక ఏముంటుందో మాత్రం ఎవరూ అడగరు, చెప్పేవాళ్లూ లేరు. నేను 2014లో బరంపురం వెళ్లి చేరాను, అప్పుడు నాకూ ఎవరూ చెప్పలేదు.

థియరీకి 80 శాతం, ప్రాక్టికల్‌కి 80 శాతం హాజరుంటే పరీక్ష రాయనిస్తారు. కానీ డిగ్రీ ఇవ్వాలంటే ప్రతి విభాగంలోనూ క్లినికల్ గంటలు నూటికి నూరు శాతం పూర్తవ్వాలి. జ్వరమొచ్చి మానేసినా, అక్క పెళ్లికి మానేసినా ఆ డ్యూటీ తర్వాత చేసి తీరాల్సిందే, అదీ ఎక్కువగా అందరూ సెలవులకి ఊరెళ్లిపోయిన సమయంలో. మొదటి ఏడాది పెద్దగా కష్టం తెలీదు. పక్కలు వేయడం, బీపీ, టెంపరేచర్, మంచం పట్టినవాళ్లకి పుండ్లు పడకుండా గంటల లెక్కన పక్క తిప్పడం, ఇవే. వార్డులోకి వెళ్లకముందే హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టేయండి, మూడు డోసులు ఆరు నెలలు పడుతుంది.

రెండో ఏడాది నుంచి కేర్ ప్లాన్లు, అంటే ఒక్కో పేషెంటుకి ఏ సేవ ఎలా చేయాలో రాసే పత్రాలు. వాటి గురించి చెప్పను, చెబితే ఏడుపొస్తుంది.

బరంపురం మెడికల్ కాలేజీకి మా పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరే పెట్టారు. 1936లో మా ఊరు ఒడిశాలో కలవడం వెనక ఆయనే ఉన్నాడని మా తాత బతికున్నన్నాళ్లూ గుర్రుగానే ఉండేవాడు, అది వేరే సంగతి. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం నుంచి బరంపురం ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు కాబట్టి కవిటి, సోంపేట జనం వైద్యానికి ఇటే వస్తారు. ఉద్దానం కిడ్నీ రోగులైతే సరేసరి. వార్డులో సిస్టర్లు ఒడియాలో మాట్లాడతారు, మనం రాసేది ఇంగ్లిష్‌లో, పేషెంటు చెప్పేది తెలుగులో. మొదట్లో ఇదంతా తలనొప్పి అనుకున్నాను గానీ మిడ్‌వైఫరీకి (కాన్పులు చేయడం నేర్పే సబ్జెక్టు) వచ్చేసరికి నన్ను గట్టెక్కించింది అదే.

ఎందుకంటే మిడ్‌వైఫరీలో ఒక్కొక్కరూ ఇన్ని కేసులు చేయాలని లెక్కలుంటాయి. మా పాత సిలబస్‌లో గర్భిణీ పరీక్షలు 30, సొంతంగా చేసిన మామూలు కాన్పులు 20, బాలింతల కేసులు 20, ఎపిసియోటమీ (కాన్పు దారి దగ్గర పెట్టే చిన్న కోత) కుట్లు 5, ఇంకా సిజేరియన్లూ, కష్టమైన కాన్పులూ. ఒక ఆసుపత్రిలో (పేరొద్దు) జీఎన్ఎం, ఏఎన్ఎం అనే వేరే నర్సింగ్ కోర్సుల పిల్లలు, ఎంబీబీఎస్ ఇంటర్న్‌లు, మేము, అందరం ఒకే లేబర్ రూములో! ఒక్క కాన్పుకి నలుగురు గ్లౌజులు వేసుకుని నిలబడేవాళ్లు. పగలు కేసు దొరకడం కల్ల. నైట్ డ్యూటీ అడిగి మరీ వేయించుకోండి. ఇంకో మాట, బిడ్డ తల కనబడ్డాక పరిగెత్తుకొస్తే ఎవరూ చెయ్యి పెట్టనివ్వరు. ఆమె అడ్మిట్ అయినప్పుడే పక్కన చేరి, అర్ధగంటకోసారి నొప్పులు చూసి, బిడ్డ గుండె చప్పుడు విని, గర్భాశయ ముఖద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర్నుంచి పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో చూపే చార్టు) గీసుకుంటూ కూర్చుంటే, ఇన్‌చార్జ్ దీదీ కేసు మనకే ఇస్తుంది.

ఒక రాత్రి కవిటి వైపు నుంచి ఒకామె వచ్చింది, రెండో కాన్పు. దీదీ ఒడియాలో ముక్కొద్దని అరుస్తుంటే, ఆమె ముక్కమంటున్నారనుకుని ఇంకా గట్టిగా ముక్కుతోంది. "అప్పా, ఇప్పుడు ముక్కకు, నోరు తెరిచి గాలి తీసుకో" అన్నాను (మా వైపు అప్ప అంటే అక్క). నావైపు తిరిగి, "నువ్వు మనోళ్ల పాపవా? ముందే చెప్పొచ్చు కదే" అంది, అంత నొప్పిలోనూ. తర్వాత నేను చెప్పినట్టే చేసింది. ఎడమచేత్తో బిడ్డ తల ఒక్కసారిగా బయటికి రాకుండా ఆపుతూ, కుడిచేత్తో కింద ప్యాడ్ అదిమి పట్టుకుని, తల నిదానంగా రానిచ్చాను. చిరుగు పడలేదు. బిడ్డని తల్లి పొట్టమీద వేసి తుడుస్తుంటే పక్కనున్న అమ్మాయి వెంటనే తొడకి ఆక్సిటోసిన్ పది యూనిట్లు ఇచ్చింది, మాయ వచ్చాక ముక్కేమైనా లోపల మిగిలిందేమోనని లైటు కింద తిప్పి తిప్పి చూశాం. ఆ రాత్రి తర్వాత తెలుగామె ఎవరొచ్చినా దీదీ నన్నే పిలిచేది, నా ఇరవై కేసులు మిగతావాళ్ల కంటే ముందే అయిపోయాయి.

కేసు చేసినట్టు సిస్టర్ సంతకాలు మాత్రం అదే షిఫ్టులో పెట్టించుకోండి. ఐపీ నంబరు (పేషెంటు అడ్మిషన్ నంబరు), కాన్పు టైము, బిడ్డ బరువు, ఆప్గార్ స్కోరు (పుట్టగానే బిడ్డ ఎలా ఉందో చూసి వేసే మార్కులు) రాసి, డ్యూటీ దిగేముందే సిస్టర్ ముందు కేసులు రాసే లాగ్‌బుక్ పెట్టాలి. వారం తర్వాత వెళ్తే ఆమె వేరే వార్డుకి మారిపోయి ఉంటుంది, ఉన్నా "నాకు గుర్తులేదు" అంటుంది.

కమ్యూనిటీ పోస్టింగ్ మా గజపతి జిల్లా కొండల్లోని సవర గూడేల్లో పడింది, అక్కడ నా తెలుగూ పనికిరాలేదు, ఒడియా కూడా సగమే. ఆశా దీదీయే దిక్కు. 2017లో ఒడిశా ప్రభుత్వం దమన్ పేరుతో కొండ ఊళ్లలో మలేరియా పరీక్షలు మొదలుపెట్టింది కాబట్టి ఆమెకి కిట్లు వాడడం మాకంటే బాగా వచ్చు. మాకేమో బ్యాగ్ టెక్నిక్‌కి మార్కులు! న్యూస్‌పేపర్ పరిచి, దానిమీద బ్యాగ్ పెట్టి, చేతులు కడిగి, అప్పుడు సామాన్లు తీయాలి. కొండగాలికి పేపరు ఎగిరిపోతుంటే నాలుగు మూలలా రాళ్లు పెట్టాం, మేడమ్ దానికీ మార్కులు కోసింది.

2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సిలబస్ మార్చి ఎనిమిది సెమిస్టర్లు చేసింది, చివరి సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ 22 వారాలు, వారానికి 48 గంటలు. కాబట్టి నేను చెప్పిన కాన్పుల లెక్క పట్టుకుని కూర్చోకండి, మీ లాగ్‌బుక్‌లో ఏముందో అదే లెక్క.

ఇక సరిహద్దు పిల్లలకి ఒక సంగతి. ఒడిశాలో చదివితే ముందు ఒడిశా నర్సింగ్ కౌన్సిల్‌లోనే రిజిస్ట్రేషన్. శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఉద్యోగం చేయాలనుకుంటే ఇక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో మళ్లీ నమోదు చేయించుకోవాలి. దానికి సంవత్సరం వారీ మార్కుల మెమోలు, ట్రాన్స్‌క్రిప్ట్ కావాల్సి వస్తాయి, కాలేజీ వదిలే రోజే తీసేసుకోండి. తర్వాత ఆ సంతకాల కోసం బరంపురం బస్సెక్కి తిరగడం అంత సుఖమేం కాదు.