స్టీరియోస్కోప్ కింద గట్టెక్కిన వాగు: ఛాయాచిత్రాలతో భూవిజ్ఞాన పటం గీసిన నా అనుభవం

వైమానిక ఛాయాచిత్రాలనూ ఉపగ్రహ చిత్రాలనూ చదివి, ఒక ప్రాంతానికి భూవిజ్ఞాన పటం గీసి, దాన్ని క్షేత్రంలో సరిచూసి సమర్పించే శిక్షణను ఈ వారమే పూర్తి చేశాను. పటానికి ఆమోదం దొరికింది. ఊరటగానే ఉంది, కానీ మధ్యలో ఒక దశలో నాకు జరిగిన అవమానం ఇంకా పచ్చిగానే ఉంది. ఆ దశ గురించి ముందుగా చెప్పేవారు నాకు ఎవరూ దొరకలేదు కాబట్టి, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారి కోసం దాన్నే వివరంగా రాస్తున్నాను.

మొదటి మెట్లు తేలికైనవి. అమెరికా లాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితంగా అందుతున్నాయి కనుక మేఘాలు లేని తేదీ ఒకటి చూసుకుని దించుకుంటే సరిపోతుంది. వైమానిక ఛాయాచిత్రాలను వరుస సంఖ్యల ప్రకారం పరచడం, 23 సెంటీమీటర్ల చదరపు చిత్రం అంచుల్లోని గుర్తులను కలిపి కేంద్రబిందువు పెట్టుకోవడం, పక్క చిత్రంలో అదే బిందువు ఎక్కడ పడిందో వెతికి విమానం పోయిన దారిని గీసుకోవడం ఓపిక ఉన్న ఎవరికైనా వచ్చే పనులే.

అసలు పరీక్ష స్టీరియోస్కోప్ దగ్గర మొదలవుతుంది. విమానం ఒకే నేలను రెండు వేర్వేరు చోట్ల నుంచి తీస్తుంది. వరుసలో పక్కపక్కనున్న రెండు చిత్రాలలో దాదాపు 60 శాతం నేల ఉమ్మడిగా ఉంటుంది. ఎడమ చిత్రాన్ని ఎడమ కన్ను, కుడి చిత్రాన్ని కుడి కన్ను మాత్రమే చూసేలా కటకాలు అమర్చితే, మెదడు ఆ రెంటినీ కలిపి ఎత్తుపల్లాలున్న ఒక్క దృశ్యంగా చూపిస్తుంది. మా పనికి ఇది ప్రాణం. పొరలు ఎటు వాలాయో, ఏ రాయి కోతకు తట్టుకుని నిలబడిందో, ఏది కరిగి లోయగా మారిందో చదునైన చిత్రంలో ఊహించుకోవాలి. స్టీరియోస్కోప్ కింద అది కళ్లకు కడుతుంది.

అభ్యాసం కోసం మాకు పూర్తి ఛాయాచిత్రాలు ఇవ్వలేదు. ఉమ్మడి భాగాన్ని మాత్రం కత్తిరించి, ఆ రెండు ముక్కలనూ ఒక అట్టమీద పక్కపక్కన అంటించిన జతలను ఇచ్చారు. శిక్షకుడు ఒక్కొక్కరినే పిలిచి, ఏమి కనిపిస్తోందో చెప్పమన్నారు. నా ముందు కూర్చున్నవారందరూ కళ్లు పెట్టీపెట్టగానే లోయ కనిపించిందనీ, దాని అడుగున వాగు ఉందనీ చెప్పి లేచిపోయారు. నా వంతు వచ్చింది. చాలాసేపు రెండు చిత్రాలూ రెండుగానే ఉండిపోయాయి. కటకాల మధ్య దూరాన్ని నా కళ్లకు సరిపడేలా జరుపుకున్నాక అవి మెల్లగా ఒకదానిమీదికి ఒకటి వచ్చి కలిశాయి, దృశ్యానికి లోతు వచ్చింది. అయితే అందులో వాగు ఒక సన్నటి గట్టు మీదుగా పారుతోంది. దానికి రెండువైపులా కొండలు ఉండవలసిన చోట లోతైన గుంతలు ఉన్నాయి. నాకు కనిపించింది అది కనుక అదే చెప్పాను.

గది మొత్తం నవ్వింది. నీరు గట్టు మీద పారుతుందా అని శిక్షకుడు అందరికీ వినపడేలా అడిగారు. రెండు కళ్లూ కలిసి పనిచేయనివారు కొందరుంటారనీ, నేను ఆ కోవకు చెందినట్టున్నాననీ, ఇకమీదట కంప్యూటర్ ముందు చేసే పని ఏదైనా చూసుకోవడం మంచిదనీ అన్నారు. ఇంత మాట అనే ముందు ఆయన ఆ అట్టను తాను ఒక్కసారైనా కటకాల కింద పెట్టి చూడలేదు. ఆ పూటంతా నాకు మళ్లీ అట్ట ఇవ్వలేదు, ఇతరులు గీసిన గీతలకు నకలు తీయమన్నారు. తల వంచుకుని తీశాను.

అలా నకలు తీస్తుండగానే నాకు తట్టిన సంగతి ఏమిటంటే, రెండు కళ్లూ కలవనివారికి దృశ్యం చదునుగా ఉండిపోతుందే తప్ప తిరగబడదు. నాకు ఎత్తుపల్లాలు స్పష్టంగా కనిపించాయి, ఎత్తు ఉండవలసిన చోట పల్లమూ పల్లం ఉండవలసిన చోట ఎత్తూ కనిపించాయి. కళ్లు పనిచేయకపోతే అంత క్రమబద్ధంగా తారుమారు కావు. లోపం అట్టలో ఉండాలి.

దాన్ని రుజువు చేయడానికి కావలసింది ఒక స్కేలు మాత్రమే. ఎత్తైన బిందువు కెమెరాకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, విమానం ముందుకు కదిలినప్పుడు చిత్రంలో దాని స్థానం పల్లంలోని బిందువు స్థానం కంటే ఎక్కువగా మారుతుంది. అందువల్ల సరిగ్గా అంటించిన జతలో ఒక కొండకొనకు చెందిన రెండు బింబాల మధ్య దూరం, వాగు అడుగునున్న ఒక రాతికి చెందిన రెండు బింబాల మధ్య దూరం కంటే తక్కువగా ఉంటుంది. ముక్కలను కుడిఎడమలు మార్చి అంటిస్తే ఈ సంబంధం తిరగబడి, కొండ దగ్గర దూరం ఎక్కువ అవుతుంది. అందరూ వెళ్లాక అట్ట తీసి కొలిచాను. కొండకొన దగ్గర దూరమే ఎక్కువ ఉంది. అంతటితో ఆగకుండా, అదే వరుసకు చెందిన పూర్తి ఛాయాచిత్రాలను బయటికి తీసి, సంఖ్యల క్రమంలో, ఉమ్మడి భాగాలు ఒకదానికొకటి ఎదురుగా లోపలివైపు ఉండేలా అద్దాల స్టీరియోస్కోప్ కింద పరిచి చూశాను. వాగు లోయ అడుగుకు దిగింది, కొండలు వాటి చోట వాటికి నిలబడ్డాయి.

మరి మిగతావారికి లోయ ఎలా కనిపించింది? నీడలూ, వాగు ఆకారమూ బలంగా ఉన్నప్పుడు మెదడు తనకు తెలిసిన ప్రపంచాన్నే ఎంచుకుని, కళ్లు పంపిన తారుమారు సమాచారాన్ని తోసిపుచ్చడం ఉంటుంది. ఒకరిద్దరి విషయంలో అలా జరిగి ఉండవచ్చు. మిగిలినవారికి ఏ లోతూ కనిపించలేదనే నా నమ్మకం. వాగు ఉన్నచోట లోయ ఉండాలని వారికి తెలుసు కనుక, ఉండవలసినదాన్నే కనిపించినట్టు చెప్పారు. ఈ పనిలో అంతకు మించిన ప్రమాదం లేదు. రేపు ఒక భ్రంశం (రాళ్లు విరిగి పక్కకో కిందికో జరిగిన పగులు) ఉండాలని పుస్తకం చెబితే, లేని భ్రంశాన్ని కూడా ఇలాగే గీస్తారు. నాకు కనిపించినదాన్ని నవ్వులపాలవుతున్నా మార్చకుండా చెప్పినందుకు ఇప్పటికీ గర్వపడుతున్నాను.

మరునాడు స్కేలూ అట్టా శిక్షకుడి ముందు పెట్టాను. ఆయన అట్టను అటూ ఇటూ తిప్పి చూసి సొరుగులో పడేశారు. అందరి ముందూ అన్న మాటను అందరి ముందూ వెనక్కి తీసుకోవడం ఆయన ధర్మం. ఆ పని చేయలేదు. నేర్పేవారు విద్యార్థి కళ్లను శంకించే ముందు తమ సామగ్రిని కొలిచి చూసుకోవాలి.

కొత్తవారు గమనించవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. పెద్దవారిలో కంటిపాపల మధ్య దూరం చాలామందికి 60 నుంచి 65 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, కానీ స్టీరియోస్కోప్‌ను మీకంటే ముందు వాడినవారు తమ కొలతకు జరిపి వదిలేసి ఉంటారు. మీ కొలత ముందే తెలుసుకుని కటకాలను సరిచేసుకోండి. నీడలు మీవైపు పడేలా చిత్రాలను తిప్పి పెట్టుకోండి. రెండు చిత్రాల్లోనూ ఒకే బిందువు మీద రెండు చూపుడువేళ్లు పెట్టి, రెండు వేళ్లూ ఒకటిగా కనిపించేదాకా చిత్రాలను జరపండి. కన్ను గుంజితే ఆపేయండి. పట్టుదలతో ఎక్కువసేపు చూస్తే తలనొప్పి తప్ప మరేమీ రాదు. ఎత్తు అతిశయించి కనిపిస్తుందన్నది కూడా మరచిపోకూడదు. ఆ అతిశయం మూడు రెట్లయితే, నిజానికి 20 డిగ్రీలు వాలిన పొర 47 డిగ్రీలకు పైగా వాలినట్టు ఉంటుంది. చూసినంత మాత్రాన వాలు విలువ రాసేవారిని నమ్మకండి.

ఈ అనుభవం ఉపగ్రహ చిత్రాల దగ్గర నాకు వెంటనే పనికొచ్చింది. లాండ్‌శాట్ ఉదయం సుమారు పది గంటల వేళ దాటుతుంది కనుక, ఉష్ణమండలానికి ఉత్తరాన ఉన్న నేలల మీద సూర్యుడు ఆగ్నేయం నుంచి వెలుగునిస్తాడు, నీడలు వాయవ్యానికి పడతాయి. ఉత్తరం పైకి పెట్టిన చిత్రంలో నీడ పైవైపు పడితే, వెలుగు పైనుంచే వస్తుందని అలవాటుపడిన మెదడు లోయలను గట్లుగా చదువుతుంది. చిత్రాన్ని 180 డిగ్రీలు తిప్పితే అంతా సర్దుకుంటుంది. మా జట్టులో లోయల వరుసకు గట్ల వరుస అని పేరు రాసిపెట్టిన చోట, తిప్పి చూడమని చెప్పింది నేనే.

రాళ్లను చదవడం ఆనందంగా సాగింది. షేల్ (పలుచని పొరలుగా విడిపోయే బంకమట్టి రాయి) ఉన్నచోట వాగులు దట్టంగా, సన్నగా చీలిపోతాయి. ఇసుకరాయి మీద అరుదుగా, దూరదూరంగా ఉంటాయి. సున్నపురాయి మీద నీరు భూమిలోకి ఇంకి, గుంతలు మిగులుతాయి. గుండ్రటి బండలూ, అడ్డంగా నిలువుగా కోసుకుపోయే పగుళ్లూ ఉంటే గ్రానైట్ అనుకోవచ్చు. దాన్ని చీల్చుకుంటూ నల్లటి తిన్నని గట్టు పోతుంటే డాలరైట్ డైక్, అంటే పగుల్లోకి చొచ్చుకొచ్చి గట్టిపడిన నల్లరాతి గోడ, అయ్యే అవకాశం ఎక్కువ. శిలల సరిహద్దు లోయను దాటేచోట ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో వంగుతుంది. ఆ కొన దిగువకు చూపితే పొరలు వాగు వాలు కంటే ఏటవాలుగా దిగువకే వాలాయని అర్థం. వంపు లేకుండా తిన్నగా దాటిపోతే పొర నిలువుగా ఉందని అర్థం. లాండ్‌శాట్ 8 చిత్రంలో ఆరవ బ్యాండును (ఒక్కో బ్యాండు ఒక్కో తరంగదైర్ఘ్యపు కాంతిని నమోదు చేస్తుంది) ఏడవ బ్యాండుతో భాగిస్తే బంకమట్టి ఖనిజాలు మెరుస్తాయి, ఎందుకంటే అవి 2.2 మైక్రోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటాయి. అయితే ఆకుల్లోని నీరు కూడా ఆ నిష్పత్తిని పెంచుతుంది, కనుక చెట్లున్న చోటును ముందే తీసివేయకపోతే అడవి అంతా బంకమట్టిగా పటంలోకి ఎక్కుతుంది.

చివరి చిక్కు పరిశీలనాధికారితో వచ్చింది. నేను గీసిన లీనియమెంట్లు, అంటే భూమి లోపలి పగుళ్లను సూచించగల తిన్నని గీతలు, చాలవనీ, ఇంతకుముందు వచ్చిన పటాల్లో ఇంతకన్నా చాలా ఎక్కువ ఉండేవనీ పటాన్ని తిప్పి పంపారు. దారులనూ, కంచెలనూ, విద్యుత్ తీగల కోసం నరికిన పట్టీలనూ నేను తీసివేశాను. వాటిని లెక్కలో కలిపినందువల్లే పాత పటాలు అంత నిండుగా ఉన్నాయి. పైగా ఆగ్నేయపు వెలుగులో ఈశాన్య నైరుతి దిశ గీతలు అతిగా మెరిసి, వెలుగుకు సమాంతరంగా ఉన్న వాయవ్య ఆగ్నేయ గీతలు మరుగున పడతాయి. అందుకని 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తుల దత్తాంశానికి వేర్వేరు దిక్కుల నుంచి వెలుగు పడినట్టు నీడలు వేయించి, అన్నింటిలోనూ నిలిచిన గీతలనే ఉంచాను. ప్రతి గీతకూ ఆధారం ఏమిటో, అది తిన్నగా సాగిన వాగో, వరుసగా పెరిగిన చెట్లో, ఒకే రేఖ మీద పడిన కనుమలో, పట్టికగా రాసి మళ్లీ పంపాను. ఒక్క గీత కూడా అదనంగా కలపలేదు. ఆయన చాలా రోజులు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని, చివరికి పట్టికను జతపరచమనే షరతుతో ఒప్పుకున్నారు. మీరు కూడా ఇలాంటి పట్టిక మొదటి రోజు నుంచే రాసుకోండి. వాదనలో అదొక్కటే నిలుస్తుంది.

క్షేత్ర పరిశీలన ఎండ తప్ప మరే ఇబ్బందీ పెట్టలేదు. డైక్ అనుకున్నది డైకే అయింది, షేల్ సరిహద్దు నేను గీసిన చోటనే దొరికింది. కంటితో చూసి తాకిన సరిహద్దులను నిండు గీతగా, ఆకృతిని బట్టి ఊహించినవాటిని తెగిన గీతగా, ఒండ్రు కింద ఉన్నవాటిని చుక్కల గీతగా మార్చి పటాన్ని సమర్పించాను. ఈశాన్య మూలనున్న భ్రంశాన్ని నిండు గీత చేస్తే పటం బాగుంటుందని ఆమోదం ఇచ్చే రోజున కూడా పరిశీలనాధికారి అన్నారు. అక్కడ ఒండ్రు తప్ప రాయి బయటపడలేదు. అది చుక్కల గీతగానే అచ్చుకు వెళ్లింది.