పెన్న గట్టున నడక: తాడిపత్రి నుంచి పుష్పగిరి దాకా

పెన్నా నది వెంట తాడిపత్రి నుంచి సిద్ధవటం వరకు, వీలు దొరికినప్పుడల్లా ఒక్కో ముక్క చొప్పున నడవాలని పోయిన చలికాలంలో మొదలుపెట్టాను. ఇప్పటికి పుష్పగిరి చేరాను. ఎక్కడ దారి ఉంది, ఎక్కడ లేదు, ఏం మోసుకెళ్లాలి, ఏ టైంలో నడవాలి అన్నది ఇదే దారి పట్టేవాళ్లకు పనికొస్తుందని రాసి పెడుతున్నాను. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి దాదాపు 597 కిలోమీటర్లు పారే నదిలో ఇది చిన్న ముక్కే, కానీ గండికోట లోయ, విజయనగర రాజుల సామంతులుగా గండికోటను ఏలిన పెమ్మసాని నాయకుల గుళ్లు, రాష్ట్రకూటుల కాలపు జైన క్షేత్రం, పుష్పగిరి, అన్నీ ఇందులోనే పడతాయి. గండికోటకు కారులో వచ్చి లోయ అంచున నాలుగు ఫోటోలు దిగి వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు నిజంగానే బాధేస్తుంది, ఎందుకంటే ఆ కోటను అక్కడే ఎందుకు కట్టారో చుట్టూ నడిచినవాళ్లకే అర్థమవుతుంది.

తాడిపత్రి గురించి పెద్దగా రాయను, అక్కడ నడక తక్కువ, చూడాల్సింది ఎక్కువ. బుగ్గ రామలింగేశ్వరాలయం నది గట్టునే ఉంది, లింగం దగ్గర ఎప్పుడూ నీరు ఊరుతూ ఉంటుంది కాబట్టి బుగ్గ అన్నారు. ఊళ్లోని చింతల వెంకటరమణస్వామి గుడి, అందులోని రాతి రథం కూడా చూడండి. రెండూ పెమ్మసాని వాళ్లు కట్టించినవే. ముందు ఈ గుళ్లు చూసి తర్వాత గండికోటకు వెళితే, కోటలో గోపురం శిల్పం ముందే పరిచయమున్నట్టు ఉంటుంది. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తిని బయల్దేరండి, మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

తాడిపత్రి నుంచి గండికోటకు గట్టు వెంట నడిచి పోదామని మ్యాప్ చూసి అనుకునేవాళ్లకు ఒక మాట: కుదరదు. మధ్యలో గండికోట జలాశయం ఉంది, 26 టీఎంసీలకు పైగా పట్టే రిజర్వాయర్ అది, కొండాపురం వైపు పాత ఊళ్లు, పాత దారులు నీళ్ల కింద ఉన్నాయి. పాత మ్యాపుల్లో కనిపించే కాలిబాటలను నమ్ముకోవద్దు. నేను ఈ ముక్క బస్సులోనే దాటాను. రైల్లో వచ్చేవాళ్లకు ముంబై–చెన్నై లైన్‌లో ముద్దనూరు ఉంది, లేదా నంద్యాల–ఎర్రగుంట్ల లైన్‌లో జమ్మలమడుగే దిగొచ్చు. జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. బస్సులు తక్కువ, తెల్లవారకముందే చేరాలంటే ముందురోజు రాత్రే ఆటో మాట్లాడుకోవాలి, లేదా కోట బయట ఉన్న టూరిజం వాళ్ల హోటల్లోనో టెంట్‌లోనో పడుకోవాలి. శని, ఆదివారాలు వద్దు. మామూలు రోజుల్లో తెల్లవారుజామున అంచు మీద నలుగురైదుగురికి మించి ఉండరు.

ఇక గండికోట. అందరూ సూర్యోదయం చూసి వెనక్కి తిరుగుతారు, నేను అక్కడి నుంచే నడక మొదలుపెడతాను. కోట గోడ చుట్టుకొలత ఎనిమిది కిలోమీటర్ల దాకా ఉంటుందంటారు. గోడ వెంట పూర్తిగా నడవడానికి దారి లేదు, కొన్నిచోట్ల కంపచెట్లు మూసేశాయి, కొన్నిచోట్ల రాళ్లు జారిపోయాయి, కానీ నడవగలిగినంత నడిస్తే ఒక సంగతి బాగా తెలుస్తుంది. ఉత్తరం వైపు పెన్న ఎర్రమల కొండను నిట్టనిలువుగా కోసింది, మూడు వందల అడుగుల లోతు, ఇరుకైన చోట వెడల్పు కూడా దాదాపు అంతే. ఏ సైన్యానికీ అటు నుంచి ఎక్కడం కుదరదు. మనుషులు ఎక్కగలిగిన వైపుల్లోనే గోడ ఎత్తు పెంచారు, బురుజులు దగ్గర దగ్గరగా వేశారు. ఆ గోడ రాయి, లోయ రాయి ఒక్కటే. సగం కోట నది కట్టింది, మిగతా సగం మనుషులు పూర్తిచేశారు అని నాకు గట్టిగా అనిపించింది గోడ వెంట నడిచినప్పుడే.

ఆ రాయిని గ్రానైట్ అని చాలామంది రాస్తున్నారు, కాదు. అది క్వార్ట్‌జైట్, భూగర్భ శాస్త్రవేత్తలు ఈ పొరకు గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరే పెట్టారు. వంద కోట్ల ఏళ్ల కిందటికి ముందే లోతు తక్కువ నీళ్ల అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి ఇలా అయింది. ఊరికే చెప్పడం కాదు, వెతికితే కళ్లకు కనిపిస్తుంది. అంచు దగ్గర బండల మీద, ఎండ ఏటవాలుగా పడే పొద్దున ఏడు ఏడున్నర ప్రాంతంలో చూడండి, రాయి మీద వేలి మందాన గీతలు గీతలుగా వరసలు ఉంటాయి. చెయ్యి పెట్టి అడ్డంగా పోనిస్తే ఎత్తు పల్లాలు తగులుతాయి, ఒక వైపు వాలు మెల్లగా, రెండో వైపు కాస్త నిటారుగా. అవి అలల గుర్తులు. నీళ్లు ఎటు నుంచి ఎటు పారాయో ఆ వాలు చెబుతుంది. పది గంటలకు ఎండ నెత్తి మీదికి వస్తే అదే బండ నున్నగా కనిపిస్తుంది, ఏమీ తెలియదు. ఒకసారి వీటిని చూశాక నేను ఏ బండా చూడకుండా దాటలేకపోతున్నాను, అందుకే నడక వేగం కూడా సగానికి పడిపోయింది.

కోట లోపల చార్మినార్ అని పిలిచే చిన్న బురుజు, పాత జైలు, జుమ్మా మసీదు, దాని పక్కనే పెద్ద ధాన్యాగారం, రఘునాథస్వామి గుడి, మాధవరాయస్వామి గుడి అన్నీ నడిచే దూరంలోనే ఉన్నాయి. మాధవరాయస్వామి గుడికి సాయంత్రం వెళ్లండి, గోపురం మీద ఎండ బాగా పడుతుంది. గర్భగుడిలో దేవుడు లేడు, మైదుకూరులో పూజలందుకునే మాధవరాయస్వామి ఇక్కడివాడే అని చెబుతారు. మసీదులో ముంగిలి చుట్టూ ఉన్న తోరణాల వరస కింద కాసేపు కూర్చోండి, మధ్యాహ్నం కోటలో అంతకన్నా చల్లటి చోటు నాకు దొరకలేదు. గుడి స్తంభాల మీద రాయితో గీకి పేర్లు రాసుకున్నవాళ్లను తలచుకుంటే కోపం ఆగదు. మీతో పిల్లలుంటే ముందే చెప్పి తీసుకెళ్లండి.

పెద్ద వాకిలి దగ్గర తలుపును ఆగి చూడాలి. చెక్క తలుపుకు ఇనప మేకులు, ఏనుగులు తలతో గుద్ది విరగ్గొట్టకుండా. కానీ ఇంత గట్టి కోట కూడా పదిహేడో శతాబ్దం మధ్యలో గోల్కొండ తరఫున వచ్చిన సేనాని మీర్ జుమ్లా చేతికి చిక్కింది. 1652లో ఫ్రెంచ్ వజ్రాల వర్తకుడు టావెర్నియే ఆయన్ను కలవడానికి ఇక్కడికే వచ్చాడు. కోటకు ఎక్కే దారి ఎంత కష్టమో, కొన్నిచోట్ల ఎంత ఇరుకో రాశాడు. గుళ్లలోని లోహ విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోయించే ప్రయత్నం గురించి కూడా ఆయనే రాశాడు. ఇప్పుడు తారు రోడ్డు మీద వచ్చేస్తున్నాం కాబట్టి ఆ కష్టం తెలియదు.

లోయలోకి దిగడం గురించి చాలామంది అడుగుతుంటారు. దిగొచ్చు, కానీ కోట ఊళ్లోనే ఉండే ఎవరినైనా వెంట తీసుకుని మాత్రమే. గుర్తులు పెట్టిన బాట కాదు, పెద్ద పెద్ద బండల మధ్య చేతులు వేసి దిగాలి, గొర్రెల కాపరులు, చేపలు పట్టేవాళ్లు తిరిగే జాడలే దారి. నేను దిగుతుంటే ఒక పెద్దాయన గొర్రెలు మళ్లించుకుంటూ ఆగి, "ఎండ ముదిరినాక ఈ బండల మింద చెయ్యి పెట్టలేవు నాయనా, పది గొట్టేలోపల పైకి వచ్చెయ్" అన్నాడు. అక్షరాలా నిజం. దిగడం కన్నా ఎక్కడానికే ఎక్కువ టైం పట్టింది, మోకాళ్లు బాగా పట్టేశాయి, మరుసటి రోజు నడక పెట్టుకోకపోవడం మంచిదైంది. కింద కనిపించే నీళ్లు చాలావరకు దిగువన ఉన్న మైలవరం జలాశయం వెనక్కి తన్నిన నీళ్లు. లోతు తెలియదు, ఈతకు దిగొద్దు. వర్షం పడిన మర్నాడు అసలు దిగొద్దు, ఆ రాయి తడిస్తే మంచి గ్రిప్ ఉన్న షూ కూడా జారుతుంది.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు ఉండాలి, దారిలో తాగే నీళ్లు దొరకవు. నా సంచిలో వేయించిన చెనిక్కాయలు, బెల్లం, నిమ్మకాయలు, ఉప్పు, టోపీ, పొడుగు చేతుల చొక్కా, హెడ్‌లైట్, కాలి మడమకు కట్టే బ్యాండేజీ, ఇంతే. సిగ్నల్ లోయలో పోతుంది, అంచున కూడా వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అంచున రెయిలింగ్ లేదు. గాలి ఒక్కసారి గట్టిగా తోస్తుంది, సంచి భుజానికి ఉంటే ఇంకా ఎక్కువ. అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకే నా లెక్కలో నడిచే కాలం, మార్చి వచ్చిందంటే ఆ బండలు రాత్రి కూడా వేడి కక్కుతాయి.

మైలవరం దిగువన నేల సాపు అయిపోతుంది, కొండ నడక అయిపోయి ఇసుక నడక మొదలవుతుంది. ఈ వైపు ఎవరూ రారు, నాకు మాత్రం దానవులపాడు కోసం రావాలనిపించింది. జమ్మలమడుగు దగ్గర పెన్న గట్టున ఇసుక మేటల కింద పూడిపోయిన జైన క్షేత్రం అది, 1903లో తవ్వి బయటికి తీశారు. రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడు జైన తీర్థంకరుడు శాంతినాథుడి స్నానపీఠం చేయించాడని అక్కడి శాసనం. దొరికిన శిల్పాల్లో చాలా వాటిని మద్రాసు మ్యూజియంకు తరలించారు. గండికోటకు వచ్చే జనంలో వందకు ఒక్కరు ఇటు వచ్చినా ఆ చోటుకు కాస్త సంరక్షణ పెరుగుతుందని నా ఆశ. ఇసుకలో గంటకు రెండు కిలోమీటర్లు నడిస్తే ఎక్కువ, ఆ లెక్కనే ప్లాన్ చేసుకోండి. పొద్దుటూరు దాకా పొలం గట్లు, బండి బాటలు దొరుకుతాయి, రైతులను అడిగి దాటితే ఎవరూ కాదనలేదు.

పొద్దుటూరు దాటాక కుందూ, పాపాఘ్ని నదులు వచ్చి పెన్నలో కలుస్తాయి, ఇక్కడ జాగ్రత్త. 2021 నవంబర్ వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెనే కూలిపోయింది. ఆకాశం నీలంగా ఉన్నా పైన ఏ డ్యాం నుంచి నీళ్లు వదులుతారో మనకు కనిపించదు, అందుకే నది మధ్యలోకి దిగే ముందు గట్టు మీది ఊళ్లో అడగడం నాకు అలవాటైంది. ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట చూసుకుని పుష్పగిరి వైపు నడిచాను.

పుష్పగిరి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఊరు ఒక గట్టున, చెన్నకేశవస్వామి గుడి అవతలి గట్టున కొండ మీద. నీళ్లు తక్కువున్నప్పుడు నదిలోంచే దాటి వెళ్తారు, నీళ్లుంటే రోడ్డు మీద చుట్టూ తిరిగి పోవాలి. నేను మోకాలి లోతు నీళ్లలో చెప్పులు చేత పట్టుకుని, ఊళ్లోవాళ్లు చూపించిన చోటే దాటాను. పైన ఒకే ప్రాకారంలో చెన్నకేశవుడు, సంతాన మల్లేశ్వరుడు. గుడి గోడ మీద కిరాతార్జునీయం, నటరాజు, భారతంలోని ఘట్టాలు మనిషి కంటికి సరిగ్గా ఎదురుగా ఉండే ఎత్తులో చెక్కారు. గోడ చుట్టూ మెల్లగా తిరిగితే రెండు గంటలు పడుతుంది, అంత టైం లేకపోతే ఇంకో రోజు పెట్టుకోండి. కడపకు ఇక్కడి నుంచి పదహారు కిలోమీటర్లే, రాత్రికి అక్కడే ఉండి కారం దోసె తినొచ్చు.

మిగిలింది చెన్నూరు వంతెన నుంచి సిద్ధవటం. 1303 నాటిదని చెప్పే కోట, తర్వాత మట్లి రాజుల చేతిలో ఉన్నది, అది కూడా పెన్న ఒడ్డునే. లంకమల కొండల వైపు అడవి దగ్గరపడుతుంది కాబట్టి ఒంటరిగా వెళ్లను, డిసెంబర్‌లో ఇద్దరు ముగ్గురం కలిసి వెళ్లాలని చూస్తున్నాం. ఈ ముక్క నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే ఏ గట్టున కంపచెట్లు తక్కువో, మధ్యలో తాగే నీళ్లు ఏ ఊళ్లో దొరుకుతాయో చెప్పండి.