24 వేల ఇంజన్, గుప్పెడు రోబో శాండ్

మోడల్ రైళ్ల పిచ్చి పట్టినవాళ్లెవరైనా ముందు ఇంజనే కొంటారు. నేనూ అంతే. బయటి దేశం నుంచి తెప్పించిన హెచ్‌ఓ స్కేల్ డీజిల్ ఇంజన్‌కి షిప్పింగ్, కస్టమ్స్ అన్నీ కలిపి 24 వేలు పడింది. ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను. తీరా పట్టాల మీద పెట్టాక చూస్తే బొమ్మలాగే అనిపించింది, ఎందుకో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

తేడా అంతా కిందే ఉంది. హెచ్‌ఓ అంటే అసలు దాంట్లో 87వ వంతు. యూరప్‌లో చాలా దేశాల్లో, అమెరికాలో పట్టాల మధ్య ఎడం 1435 మి.మీ., 87తో భాగిస్తే 16.5 వస్తుంది, దొరికే ట్రాకంతా ఆ కొలతే. మన బ్రాడ్ గేజ్ 1676, అంటే 19 మి.మీ. పైనే ఉండాలి. ఇంగ్లండ్‌లోనూ ఇదే గొడవ, అక్కడి ఓఓ స్కేల్లో బండి 76వ వంతు, ట్రాక్ మాత్రం అదే 16.5. అది భరించలేనివాళ్లు 18.83 మి.మీ. ట్రాక్ చేత్తో వేసుకుంటారు. నాకంత ఓపిక లేదు, పైగా అక్కర్లేదనే నా అభిప్రాయం. ఎడం తక్కువని ఎదురుగా చూస్తేనే తెలుస్తుంది, పక్కనుంచి చూస్తే తెలియదు. అందుకే టేబుల్ తీసేసి గోడకి కంటి ఎత్తులో షెల్ఫ్ కొట్టించాను, పైసా పెట్టి ఇంజన్ మార్చకుండానే సగం బొమ్మతనం పోయింది.

మిగతా సగం కంకర. అసలు కంకర రాయి 50 మి.మీ. అనుకుంటే మనకి కావలసింది అర మిల్లీమీటరు పైచిలుకు రవ్వ. పక్కింటి కట్టుబడి దగ్గర గుప్పెడు రోబో శాండ్, అంటే రాళ్లు పిండి చేసి తీసే ఇసుక, అడిగి తెచ్చి, టీ జాలిలో జల్లించి, కిందకి దిగినదాన్ని మైదా జల్లెడలో వేసి దుమ్ము వదిలించాను. స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మల) మధ్య మెత్తటి బ్రష్‌తో సర్ది, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి డ్రాపర్‌తో వదలాలి. ఆ చుక్క వేయకపోతే జిగురు ముత్యంలా పైనే నిలిచి కంకరని చెదరగొడుతుంది. తెల్లారేసరికి రాయిలా బిగుసుకుంటుంది. పట్టాల పక్కలకి తుప్పు రంగు కూడా పూయండి, మెరుపు పైభాగంలోనే ఉండాలి.

24 పెట్టెల ఎక్స్‌ప్రెస్ పెట్టాలని అందరికీ ఉంటుంది. లెక్కేస్తే ఆరు మీటర్లు దాటుతుంది, మన ఇళ్లలో ఎక్కడ పడుతుంది? డోర్నకల్ నుంచి భద్రాచలం రోడ్ వెళ్లే లైన్లో ఉండే చిన్న స్టేషన్ లాంటిది ఎంచుకోండి, ఒక ఇంజన్, నాలుగు పెట్టెలు, చివర బొగ్గు వ్యాగన్లు రెండు చాలు. రెండో ఇంజన్ కోసం దాచిన డబ్బుతో నేను ఒక పాయింటు (బండిని ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మళ్లించే ముక్క), ఇంకో రెండు మీటర్ల ట్రాక్ తెప్పిస్తున్నాను, బొగ్గు వ్యాగన్లు నిలిపే పక్క లైన్, అదే సైడింగ్, వేయాలి.